పదకొండో పేరు

“తాడు ఇవ్వను,” అన్నాడు మోరేశ్వర్.

అన్నది భార్య సులభతో. వినవలసినవాళ్ళు గది మధ్య వేలాడే పూల తెరకి అవతల ఉన్నారు.

“వహినీ,” అంటూ వదినని పిలిచింది తెర అవతలి నుంచి మరిది ఉల్హాస్ గొంతు. “తాడు ఇంటిది. క్లబ్బుది కాదు. ఆ సంగతి ఆయనకి చెప్పు.”

“కిట్ సంచీ జిప్పు ఊడిపోయి మూడేళ్ళయింది. ఈ తాడు లేకపోతే ప్యాడ్లు నడివీధిలో పడతాయి. ఆ సంగతి వాడికి చెప్పు.”

సులభ ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఇద్దరికీ వినబడుతూనే ఉంది కదా. పది నెలలుగా ఆ రెండు గదుల ఇంట్లో అన్నదమ్ములిద్దరూ ఆమెకి చెప్పి ఒకరికొకరు వినిపించుకుంటున్నారు. అన్నని ‘దాదా’ అని పిలిచే ఉల్హాస్ ఇప్పుడు ‘ఆయన’ అంటాడు. “నేను మనిషినా, పోస్టు డబ్బానా?” అని మొదట్లో విసుక్కునేది. తరువాత అదీ మానేసింది.

ఇనప్పెట్టె తెరిచి పాత ఇర్కల్ చీర ఒకటి తీసింది. అంచు పట్టుకుని నిలువునా చింపింది. రెండు పొడుగాటి పట్టీలు వచ్చాయి. వాటిని తెర కింద నుంచి అవతలికి తోసింది.

“అయ్యో తాయీ! ఇది మీరు గౌరీ పండక్కి కట్టుకునేది కదా!” అంది తోడికోడలు నీలిమ.

“నిరుడే పిగిలింది. బీరువాకి కట్టుకోండి. తాడు కన్నా ఇదే నయం, గీతలు పడవు.”

డోంబివలీ నుంచి టెంపో పన్నెండింటికి రావాలి. అక్కడ ఒక గది, వంటిల్లు. ఉల్హాస్ మాట్లాడుకుని నెలయింది. ఇంట్లో చెప్పింది మాత్రం వారం కిందట. ఆదివారమే ఎందుకంటే మిగతా రోజుల్లో ఆఫీసు.

ఆదివారమంటే మ్యాచ్ రోజు. ఆ మాట ఎవరూ అనలేదు.

వాన తెల్లవారుజామున ఒకసారి దంచి కొట్టి, ఇప్పుడు ముసురు పట్టింది. శ్రావణం అంటే ముంబైలో అంతే. మోరేశ్వర్ సంచీకి తాడు బిగిస్తుండగా కింది అంతస్తు నుంచి వైద్య కాకా ముద్దుపేరుతో కేకేశాడు. వరసగా అద్దె గదులున్న ఆ చాళ్ మొత్తానికి ఫోను ఉన్నది ఆయన ఇంట్లోనే.

“బండూ! కుర్లా దగ్గర పట్టాలు మునిగాయట! మీ ఠాణే వాళ్ళు ముగ్గురూ స్టేషన్ నుంచే ఫోను చేశారు. రాలేరట!”

మోరేశ్వర్ చేతులు ఆగిపోయాయి. వేళ్ళు ముడిచి లెక్కపెట్టుకున్నాడు. భోస్లేకి కామెర్లు, అది బుధవారమే తెలుసు. ఇప్పుడు ఈ ముగ్గురు.

“ఏడుగురు,” అన్నాడు కిటికీ దగ్గర కూర్చున్న తండ్రితో. “తాత్యా, ఏడుగురే.”

తాత్యా శుక్లాలు పట్టిన కళ్ళు చికిలించాడు. నవరంగ్ క్రికెట్ క్లబ్బు ఆయన పెట్టిందే, ఈ చాళ్ మగవాళ్ళని పోగుచేసి. “ఎనిమిది మంది దిగకపోతే ఆట లేదు గదరా.”

“లేదు. జూలైలో ఒకసారి ఇలాగే ఊరికే వదిలేసుకున్నాం. రెండోసారి అయితే ఈ వానాకాలం లీగు లోంచి పేరు కొట్టేస్తారు. అంతే.”

తెర అవతల చప్పుళ్ళు ఆగాయి. గిన్నెలు కాగితాల్లో చుట్టే చప్పుడు, పెట్టె లాగే చప్పుడు, అన్నీ. సులభ ఆ నిశ్శబ్దం విని భర్త వైపు చూసింది. అడగమన్నట్టు కళ్ళతోనే తెర చూపించింది.

“నేను అడగను,” అన్నాడు మోరేశ్వర్, గొంతు తగ్గించకుండానే.

“అడగమని ఎవరు ఏడ్చారు?” అంది తెర.

మోరేశ్వర్ సంచీ భుజాన వేసుకున్నాడు. రాత్రి సులభ రాసిచ్చిన జట్టు కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. పద్నాలుగేళ్ళుగా ఆ కాగితం ఆమే రాస్తుంది. దస్తూరీ బాగుంటుందని. ఆయన ఎన్నడూ విప్పి చూసుకోడు. నిన్న పది పేర్లు చెప్పి, “పదకొండోది నీ ఇష్టం, రిజిస్టరులో ఉన్న పేరు ఏదో ఒకటి వెయ్యి. అది కాగితానికే, ఆటకి కాదు,” అన్నాడు.

సులభ వేసింది.

ఆయన మెట్లు దిగిపోయాక నీలిమ తెర పక్కకి తీసి వచ్చింది. చేతిలో మడతపెట్టిన తెల్ల ప్యాంటు, చొక్కా. వాటి మీద బూట్లు.

“తాయీ, ఇవి ఇక్కడే వదిలెయ్యమన్నారు. క్లబ్బులో ఎవరికైనా ఇచ్చెయ్యమన్నారు.”

“మంచిది. ఇస్తాను,” అంటూ సులభ వాటిని అందుకుని తెర పక్క మేకుకి తగిలించింది. బూట్లు కింద పెట్టింది. “ఎవరో ఒకరు దొరికేదాకా ఇక్కడ ఉండనీ.”

నీలిమ కదల్లేదు. “మీకు నా మీద కోపమా?”

“నీ మీద ఎందుకు?”

“అందరూ అంటున్నారుగా, కోడలు వచ్చి ఇల్లు విడగొట్టిందని. పెడ్నేకర్ కాకూ అయితే కొళాయి దగ్గర నా మొహాన్నే అంది.”

“పెడ్నేకర్ కాకూ నేను వచ్చినప్పుడూ అంది. అప్పుడు విడగొట్టడానికి ఉల్హాస్ ఎనిమిదో తరగతి.” నీలిమకి నవ్వు వచ్చి ఆగిపోయింది. సులభ స్కోరు పుస్తకం, టిఫిన్ డబ్బా సంచీలో సర్దుకుంటూ అంది: “ఇల్లు విడగొట్టింది ఒక బంతి. నువ్వు కాదు.”

నిజమే. పోయిన సెప్టెంబరులో ఉల్హాస్ బౌలింగులో బ్యాటు అంచు తగిలి వెళ్ళిన బంతిని మోరేశ్వర్ వికెట్ల వెనక పట్టాడు. అంపైరు వేలెత్తాడు. అదే ఆఖరి వికెట్టు, ఆట గెలిచినట్టే. మోరేశ్వర్ ముందుకు వచ్చి, “లేదండీ, నేలకి తగిలాక చేతికి వచ్చింది,” అని చెప్పి ఆ బ్యాట్స్‌మన్‌ని వెనక్కి పిలిచాడు. ఆ మనిషే ఆట లాక్కుపోయాడు. ఆ సాయంత్రం చాళ్ వరండాలో అందరి ఎదుటా ఉల్హాస్ అడిగాడు: “నిన్నెవరు అడిగారు?” మోరేశ్వర్, “ఎవరూ అడగక్కరలేదు,” అన్నాడు. అక్కడ మొదలైన మాట కొళాయి నీళ్ళ దాకా, పొయ్యి దాకా, తాత్యా మందుల దాకా పాకి, చివరికి డోంబివలీ దాకా పోయింది.

సులభ తాత్యా చెయ్యి పట్టుకుని మెట్లు దింపింది. కింద, మెట్ల పక్కన గోడకి నల్లబల్ల ఉంది. నీళ్ళు ఎప్పుడు వస్తాయో, ఎవరింట సత్యనారాయణ పూజో, ఆదివారం నవరంగ్ జట్టులో ఎవరెవరో, అన్నీ దాని మీదే. నిన్న సాయంత్రం ఆమె పది పేర్లు రాసి పదకొండో వరస ఖాళీగా ఉంచింది.

“ఎందుకు ఆగావు?” అన్నాడు తాత్యా.

“సుద్దముక్క కింద పడింది.”

పదకొండు పక్కన ఉల్హాస్ రేడ్కర్ అని రాసింది. మిగతా పేర్ల కన్నా పెద్దదీ కాదు, చిన్నదీ కాదు. పెట్టె మోసుకుని దిగేవాడు ఆ బల్ల ముందు నుంచే దిగాలి. చాళ్‌లో జనం అంతా ఆదివారం మెట్ల దగ్గరే ఉంటారు.

*

మైదానంలో తొమ్మిది మ్యాచ్‌లు ఒకేసారి. ఒక ఆటలో వికెట్ల వెనక నిలబడ్డవాడికి ఇంకో ఆటలో బౌండరీ వీపుకి తగులుతుంది. గడ్డి మోకాలి కింది దాకా పెరిగింది. నవరంగ్ గుడారంలో మిల్లు రాత్రి పని నుంచి నేరుగా వచ్చిన ఘాడీ కిట్ సంచీ మీద తల పెట్టుకుని గురకపెడుతున్నాడు. యాభై దాటిన కానిట్కర్ మాస్టారు మోకాళ్ళకి గుడ్డ చుట్టుకుంటున్నాడు.

అవతలి కెప్టెన్ లోబో గిరగిరా గొడుగు తిప్పుతూ వచ్చాడు. “ఏం బండూ, మీవాళ్ళేరీ? గుడారంలో దాచావా?”

“వస్తున్నారు.”

“ఈతకొట్టుకుంటూనా?”

టాస్ లోబో గెలిచి, నవరంగ్‌ని బ్యాటింగ్ చెయ్యమన్నాడు. అంపైరు పాఠారే రెండు జట్ల కాగితాలూ తీసుకున్నాడు. ఆయనది ఒకటే పద్ధతి. కాగితం మీద ఉన్న పేర్లు గట్టిగా చదువుతాడు. ఆ తరువాత భూమి బద్దలైనా ఒక పేరు కలపనివ్వడు, ఒక పేరు కొట్టనివ్వడు.

“...తొమ్మిది, కానిట్కర్. పది, ఘాడీ. పదకొండు, ఉల్హాస్ రేడ్కర్.”

మోరేశ్వర్ చటుక్కున గుడారం వైపు తిరిగాడు.

సులభ రూళ్ళకర్ర పెట్టి స్కోరు పుస్తకంలో గీతలు గీస్తోంది. తాత్యా కళ్ళు మసకబారాక ఈ ఏడు ఆ పనీ ఆమెదే అయింది. భర్త అడుగుల చప్పుడు బురదలో దగ్గరవడం విన్నా తల ఎత్తలేదు.

“ఎవరు రాయమన్నారు?”

“ఏదో ఒక పేరు వెయ్యమన్నారుగా.”

“వాడి పేరా?”

“రిజిస్టరులో ఉంది. ఇంకే క్లబ్బు కాగితం మీదా సంతకం చెయ్యలేదు. నీలిమని అడిగే రాశాను.”

“నువ్వు నన్ను అడగలేదు.”

“అడిగితే వద్దంటారు. మీరు వద్దంటే మళ్ళీ మీ మాట దాటానని అవుతుంది. అందుకని అడగలేదు.”

పక్కన తాత్యా బోసి నోటితో నవ్వాడు. “బి.ఏ. చదివినదాన్ని తెచ్చుకుంటే ఇంతేరా. వాదన పెట్టుకోకు.”

“నవ్వడానికేం లేదు తాత్యా. వాడు రాడు. నవరంగ్ పేరు ఇవాళ్టితో సరి.”

పాఠారే గడియారం చూశాడు. “రేడ్కర్, ఏడుగురే కనబడుతున్నారు. రూలు ప్రకారం అరగంట ఇస్తాను. ఎనిమిదో మనిషి తెల్లబట్టల్లో ఈ గీత లోపల ఉండాలి. లేకపోతే ఆట వాళ్ళది.”

“నాకు ఏడుగురైనా పరవాలేదు సార్,” అన్నాడు లోబో. “ఇంత వానలో వచ్చి ఆడకుండా పోవడం ఎవరికిష్టం?”

“నీ ఇష్టం నీ పెళ్ళికి పెట్టుకో. రూలు రూలే.”

ఇరవై నిమిషాలు గడిచాయి. ఘాడీని లేపారు. అతను లేచి ఏడుగురినీ లెక్కపెట్టి మళ్ళీ పడుకున్నాడు.

ఇరవై ఆరో నిమిషంలో రోడ్డు వైపు నుంచి ఒక మనిషి వేరేవాళ్ళ ఆట మధ్యలోంచి అడ్డంగా పరుగెత్తుకొచ్చాడు. వెనక ఎవరో తిడుతున్నారు. తెల్ల ప్యాంటు మోకాళ్ళ దాకా తడిసి ఉంది. చొక్కా బొత్తాలు ఒకదాని కన్నంలో ఇంకొకటి పెట్టుకున్నాడు.

ఉల్హాస్ గీత దాటి లోపల నిలబడ్డాడు. అన్న వైపు చూడలేదు. తిన్నగా గుడారం దగ్గరికి వచ్చాడు.

“వహినీ, ఇది నీ పనేగా?”

“ఏది?”

“చాళ్ అంతా మెట్ల మీదే కూర్చుని ఉంది! కుర్చీ పట్టుకుని దిగుతుంటే పెడ్నేకర్ కాకూ అడుగుతుంది, ‘జట్టులో పేరుంచుకుని కుర్చీ మోస్తున్నావేంటిరా, మ్యాచ్ కుర్చీలో కూర్చుని ఆడతావా?’ అని. వైద్య కాకా నా చేతిలో కుర్చీ లాక్కుని మరీ పంపించాడు. టెంపో వాడు నీళ్ళలో ఇరుక్కున్నాడు, రెండు దాటుతుందట. అప్పటిదాకానే ఆడతాను. ఆ సంగతి ఆయనకి చెప్పు.”

“ఎదురుగానే ఉన్నారు.”

“నువ్వే చెప్పు.”

“ఎనిమిది!” అని పాఠారే అరిచాడు. “మీ ఇంటి కబుర్లు తరవాత. ఆట మొదలు.”

*

ఎనిమిది మందే గనక ఏడో వికెట్టు పడితే సరి. ఆరు వికెట్లు యాభై నాలుగుకి పడ్డాయి. మోరేశ్వర్ మాత్రం ఒక వైపు కొయ్యలా పాతుకుపోయి ఉన్నాడు. బ్యాటింగుకి ఎప్పుడు దిగాలో కెప్టెన్ చెప్పలేదని ఉల్హాస్ దిగలేదు, అడగలేదని కెప్టెన్ చెప్పలేదు. అందుకని చివరివాడిగా మిగిలింది ఉల్హాసే.

అన్నదమ్ములు చెరో చివర నిలబడ్డారు.

“ఇప్పుడెలా?” అన్నాడు కానిట్కర్ మాస్టారు, సులభ పక్కన ప్యాడ్లు విప్పుకుంటూ. “పరుగెత్తాలంటే ‘రా’ అనో ‘వద్దు’ అనో అనాలి కదమ్మా.”

తాత్యా, “నా కొడుకులు మూగ సినిమా ఆడుతున్నారు,” అన్నాడు.

కొంతసేపు బాగానే సాగింది. ఫోర్లకి మాట అక్కరలేదు. తేలిగ్గా దొరికే పరుగులకి ఒకరు కదిలితే ఇంకొకరు కదిలారు. ఇరవై పరుగులు వచ్చాయి. సులభ ఒక్కొక్క చుక్కా, ఒక్కొక్క గీతా పెడుతూ, ఈ రెండు పేర్లూ ఒకదాని కింద ఒకటి ఉండడం చూసి చాలాకాలమైందని అనుకుంది.

తరువాత మోరేశ్వర్ బంతిని పక్కకి తోశాడు. రెండడుగులు వేసి ఆగాడు. ఆయన వేసిన అడుగు చూసి ఉల్హాస్ బయల్దేరాడు, ఆగడం చూడలేదు. సగం దూరం వచ్చాక చూశాడు. వెనక్కి తిరిగాడు. తిరిగేసరికి మోరేశ్వర్ మళ్ళీ బయల్దేరాడు. ఇద్దరూ ఒకే వైపుకి పరుగెత్తారు, పందెం పెట్టుకున్నట్టు. అవతలి చివర లోబో తీరిగ్గా నడిచివెళ్ళి బెయిలు ఒక వేలితో పడగొట్టాడు.

“నేను పాతికేళ్ళుగా ఆడుతున్నాను,” అన్నాడు. “ఇంత మర్యాదస్తుల రనౌట్ చూడలేదు. ఇద్దరూ ఒకరినొకరు ఒక్కమాట అనుకోలేదు!”

డెబ్బై నాలుగు. సులభ గీత గీసి మొత్తం రాసింది.

తిండి వేళ ఉల్హాస్ పావు రొట్టె, ఉసల్ కూర నిలబడే తిన్నాడు. మోరేశ్వర్ కిట్ సంచీ మీద కూర్చుని తిన్నాడు. ఇద్దరి మధ్యా ఒక గొడుగు ఆరబెట్టి ఉంది.

“వహినీ,” అన్నాడు ఉల్హాస్ చేతులు కడుక్కుంటూ. “నేను బౌలింగ్ చేస్తాను. ఒక షరతు. నా బౌలింగుకి ఆయన కీపింగ్ చెయ్యకూడదు.”

ఘాడీ నమలడం ఆపాడు.

“ఎనిమిది మందిలో ఇంకో కీపరు ఎక్కడున్నాడురా?” అంది సులభ.

“లేకపోతే లేడు. పట్టిన క్యాచ్ తిరిగి ఇచ్చేవాడి కన్నా పట్టనివాడే నయం.”

మోరేశ్వర్ ముద్ద మింగాడు. గ్లవ్స్ చేతిలోకి తీసుకున్నాడు. వాటిని కానిట్కర్ మాస్టారి ఒళ్ళో పెట్టి, బౌండరీ దగ్గరికి నడిచివెళ్ళిపోయాడు.

*

తడి నేల మీద ఉల్హాస్ బంతి పాము పిల్లలా మెలికలు తిరిగింది. బ్యాటు అందుకోలేకపోయింది. కానిట్కర్ మాస్టారూ అందుకోలేకపోయాడు. వంగాడంటే ఆయన లేచేసరికి బంతి వెనక గడ్డిలో ఉండేది. పట్టుకొచ్చే మనిషి లేడు.

“స్కోరు?” అని అడిగాడు తాత్యా.

“నలభై రెండు. ఐదు వికెట్లు.”

“అందులో కీపరు వదిలేసిన బైలు?”

“పంతొమ్మిది.”

ముసలాయన తల ఊపాడు. “వాళ్ళు కొట్టింది సగం. మన ఇల్లు కొట్టింది సగం.”

ఎవరో వచ్చి పక్కన గొడుగు ముడిచారు. నీలిమ. చెప్పులు చేతిలో పట్టుకుని ఉంది. “టెంపో వచ్చింది తాయీ. సామాను ఎక్కించేశారు. అదుగో.”

రోడ్డు మీద, చెట్ల కింద, టార్పాలిన్ కప్పిన టెంపో. కప్పు అంచు కింద నుంచి బీరువా కనబడుతోంది. దాని నడుముకి ఎర్రంచు పట్టీ. అంత దూరం నుంచి కూడా సులభ తన చీర గుర్తుపట్టింది.

“డ్రైవరు తొందరపెడుతున్నాడు. మళ్ళీ నీళ్ళు పెరుగుతాయట. ఇంకా ఎంతసేపు పడుతుంది?”

“చెప్పలేం. పిలవనా?”

నీలిమ మైదానం వైపు చూసింది. “ఓవరు అయ్యాక,” అని పక్కనే కూర్చుంది.

ఆ ఓవరులోనే నాలుగో బంతి బ్యాటు అంచు తగిలి, కానిట్కర్ మాస్టారి మోకాలికి కొట్టుకుని కింద పడింది. ఆయన అక్కడే కూలబడ్డాడు. “నా వల్ల కాదు నాయనా. నన్ను బళ్ళో పిల్లల మధ్య చావనీ.”

ఉల్హాస్ ఆయన చేతి గ్లవ్స్ మెల్లగా లాగాడు. తరువాత వికెట్ల వెనకకి వెళ్ళి, రెంటినీ పక్కపక్కన నేల మీద పెట్టి, బంతి తీసుకుని వెనక్కి నడిచాడు. ఎవరినీ పిలవలేదు.

మోరేశ్వర్ బౌండరీ నుంచి వచ్చాడు. నడుస్తూ కాదు. పరుగెత్తుతూ.

ఆ తరువాత బై ఒక్కటి పోలేదు. వికెట్లు ఒకటొకటీ రాలాయి. నీలిమ ఓవరు అయ్యాక పిలవలేదు. ఆ పై ఓవరు అయ్యాకా పిలవలేదు. “ఇప్పుడు ఎన్ని?” అని మాత్రం అడుగుతోంది.

“అరవై ఎనిమిది. తొమ్మిది పోయాయి. గెలవడానికి వాళ్ళకి ఇంకా ఏడు.”

ఎదురుగా లోబో. ఉల్హాస్ పరుగెత్తి వచ్చి వేశాడు. బంతి పడి లేచింది, బ్యాటు చివర చిన్న చప్పుడు. మోరేశ్వర్ ఎడమవైపుకి పూర్తిగా పడిపోయి, బురదలో జారి, చెయ్యి పైకెత్తాడు. చేతిలో బంతి.

ఘాడీ కేక పక్క మూడు ఆటలకీ వినబడింది. సులభ పెన్ను అప్పటికే కదిలింది. క్యాచ్ రేడ్కర్, బౌలింగ్ రేడ్కర్. ఎన్నడూ అంపైరు వేలు చూడనిదే ఒక్క చుక్క పెట్టని మనిషి, సిరాతో రాసేసింది.

పాఠారే వేలెత్తలేదు. అడ్డంగా లోబో ఉన్నాడు, ఆయనకి కనబడలేదు. లోబో బ్యాటు చంకలో పెట్టుకుని వెనక్కి తిరిగాడు. ఇరవై ఏళ్ళుగా ఆ మైదానంలో అదే ఆనవాయితీ. మోరేశ్వర్ రేడ్కర్ పట్టానంటే పట్టినట్టు, లేదంటే లేనట్టు.

“నువ్వు చెప్పు బండూ. నువ్వు ఔటంటే వెళ్ళిపోతాను.”

మోరేశ్వర్ మోకాళ్ళ మీద లేచాడు. బురద నిండిన గ్లవ్స్ చూసుకున్నాడు. బంతి చూసుకున్నాడు. నీలిమ సులభ మోచెయ్యి పట్టుకుంది.

“నాకు తెలియడం లేదు,” అన్నాడు మోరేశ్వర్.

లోబో ఆశ్చర్యపోయాడు. “తెలియకపోవడమేంటి?”

“పడ్డప్పుడు కళ్ళు మూసుకుపోయాయి. వేళ్ళు మొద్దుబారిపోయాయి. నాకు నిజంగా తెలియడం లేదు.” ఆయన అంపైరు వైపు చూడలేదు. ఎదురుగా నాలుగడుగుల్లో ఆయాసపడుతూ నిలబడ్డ తమ్ముణ్ణి చూశాడు. “ఉల్హ్యా. నువ్వు చూశావుగా. నువ్వు చెప్పు.”

రోడ్డు మీద టెంపో హారను మోగింది. ఒకసారి. మళ్ళీ ఒకసారి.

ఉల్హాస్ చొక్కాతో మొహం తుడుచుకున్నాడు. తడి చొక్కా, మొహం ఇంకా బురదయింది. లోబో వైపు చూశాడు, టెంపో వైపు చూశాడు, కింద అన్న పడ్డచోట బురదలో గీసుకుపోయిన చారని చాలాసేపు చూశాడు.

“నేలకి తగిలింది దాదా,” అన్నాడు.

లోబో తిరిగి వచ్చి బ్యాటు ఆనించి నిలబడ్డాడు. మోరేశ్వర్ బంతిని తమ్ముడికి విసరలేదు. నడిచివెళ్ళి చేతిలో పెట్టాడు.

“ఏమైంది? క్యాచా, కాదా?” తాత్యా సులభ భుజం కుదుపుతున్నాడు. “ఎవరైనా చెప్పండర్రా!”

“కాదు తాత్యా.”

“బండూ వద్దన్నాడా మళ్ళీ?”

“కాదు. ఉల్హాస్ చెప్పాడు.”

ముసలాయన కళ్ళద్దాలు తీసి ధోతీ చెంగుతో తుడవడం మొదలుపెట్టాడు. తుడిచినా కనబడదని ఆయనకీ తెలుసు. “పుస్తకంలో సరిగ్గా రాశావా అమ్మా?”

సులభ తాను రాసిన సిరా వరస చూసింది. రెండు రేడ్కర్లు, పక్కపక్కన. రూళ్ళకర్ర పెట్టి, దాని మీద ఒకే ఒక్క గీత గీసింది. కింద పేర్లు కనబడేటట్టు.

హారను మూడోసారి మోగింది. నీలిమ లేచి గొడుగు విప్పింది.

“డ్రైవరుతో మాట్లాడి వస్తాను తాయీ,” అంది.

ఏమని, అని సులభ అడగలేదు. చెప్పులు గుడారంలోనే వదిలేసి నీలిమ బురదలోకి దిగింది. ఉల్హాస్ బంతి రుద్దుకుంటూ వెనక్కి నడుస్తున్నాడు, రోడ్డు వైపు చూడకుండా. ఇంకా ఏడు పరుగులు.